కాలు తీసినప్పుడే ఎందుకు?

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్ల వేగంలో ఇంజన్‌కు ఏ నలతా ఉండదు. పికప్ బాగుంటుంది, శబ్దం బాగుంటుంది. బనగానపల్లె వైపు మళ్లుదామని ఆక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే ఆర్‌పీఎం ముల్లు ఐదొందలకు జారుతుంది, పన్నెండొందలకు ఎగురుతుంది, ఒక్కోసారి ఇంజనే ఆగిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు అందుకుంటుంది. స్పోర్ట్స్ కార్లలో, టర్బో పెట్రోలు హ్యాచ్‌బ్యాకుల్లో తరచూ వినే ఫిర్యాదు ఇది. దీనికి జరిగే వైద్యమూ ఇంచుమించు ఒకటే. ముందు ప్లగ్గులు మారుస్తారు, తర్వాత కాయిల్స్, ఆ తర్వాత పెట్రోలు పంపు. డబ్బు పోతుంది, జబ్బు ఉంటుంది. ఈ వరసే తప్పని నా వాదన. బలహీనమైన ప్లగ్గు, నీరసించిన పంపు సాధారణంగా ఇంజన్ మీద భారం పడినప్పుడు బయటపడతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు, లారీని దాటేటప్పుడు మిస్సింగ్ ఇస్తాయి. ఆ రెండు పనులూ హాయిగా చేసే కారు, వేగం తగ్గేటప్పుడు మాత్రమే తడబడుతుంటే ముందు వెతకాల్సింది గాలి దారిలో.

ఎందుకో తెలియాలంటే కాలు తీసిన ఆ రెండు మూడు సెకన్లలో లోపల జరిగేది చూడాలి. ఇంజన్‌లోకి గాలిని వదిలే తలుపు, థ్రాటిల్, మూతపడుతుంది. పిస్టన్లు మాత్రం గాలిని లాగుతూనే ఉంటాయి. వేలితో మూతి మూసిన స్ట్రాను పీల్చినట్టే. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో పీడనం బయటి గాలి పీడనంలో మూడో వంతు కంటే కిందికి పడిపోతుంది. అప్పటికి చక్రాలే ఇంజన్‌ను తిప్పుతున్నాయి కనుక కంప్యూటర్ ఇంజెక్టర్లను పూర్తిగా మూసేస్తుంది. (గేరులో ఉండగా కాలు తీస్తే పెట్రోలు ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో వేసి దిగడం ఆదా అనుకునేవారు గమనించాలి.) ఆర్‌పీఎం వెయ్యి, పదిహేను వందల మధ్యకు దిగాక మళ్లీ పెట్రోలు వదిలి, ఇంజన్‌ను ఐడ్లింగ్‌లో నిలబెట్టాలి. చిక్కంతా ఈ అప్పగింత దగ్గరే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన 'ఫార్ములా-ఈ' విద్యుత్ రేసు కార్లకు ఈ బాధ లేదు, కాలు తీస్తే వాటి మోటారు జనరేటర్‌గా మారి బ్యాటరీ నింపుకుంటుంది. పెట్రోలు ఇంజన్ మాత్రం అతి తక్కువ గాలితో, సరిగ్గా కొలిచిన పెట్రోలుతో తనంతట తాను నిలదొక్కుకోవాలి. ఎక్కడో ఓ రబ్బరు హోస్‌కు సన్నని చీలిక ఉందనుకోండి. వంద వేగంలో లోపలికి వెళ్లే గాలి ప్రవాహంలో ఆ చీలిక గుండా దూరేది లెక్కలోకే రాదు. థ్రాటిల్ మూతపడ్డాక అదే చీలిక మొత్తం గాలిలో పెద్ద వాటా అవుతుంది. గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ కంటపడకుండా దూరిన గాలికి కంప్యూటర్ పెట్రోలు కలపదు. ఇంజన్ తూలుతుంది.

దీన్ని ఊహతో కాదు, అంకెలతో తేల్చవచ్చు. స్కానర్‌లో లోపం తెలిపే కోడ్‌తో పాటు 'ఫ్యూయల్ ట్రిమ్' అనే శాతం కనిపిస్తుంది. కంప్యూటర్ తన లెక్కకు మించి ఎంత పెట్రోలు కలపాల్సి వస్తోందో అది చెబుతుంది. ఐడ్లింగ్‌లో 20 శాతం ఎక్కువ చూపి, 2,500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకు వస్తే గాలి లీకవుతున్నట్టే. ఐడ్లింగ్‌లో బాగుండి, వేగం పెరిగేకొద్దీ అంకె పెరిగితే ఎయిర్‌ఫ్లో సెన్సర్ మురికి పట్టిందనో, పెట్రోలు సరిగ్గా అందడం లేదనో అనుమానించాలి. బనగానపల్లె, బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాతి గనులు, పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర నేరం దుమ్ము మీదికి నెట్టడం తేలిక. అయితే కంపెనీ కాగితపు ఫిల్టర్ సరిగ్గా బిగించి ఉంటే ఆ దుమ్ములో అత్యధిక భాగాన్ని ఆపేస్తుంది. పికప్ కోసమని దాన్ని తీసేసి నూనె పూసిన స్పోర్ట్స్ ఫిల్టర్ పెట్టినచోటే ప్రమాదం. నూనె ఎక్కువైతే అది సెన్సర్ తీగ మీదికి చేరుతుంది, సన్నటి రాతిపొడి దానికి అంటుకుంటుంది. ఇలాంటిదే మరో సొంత ముచ్చట, 'ఫుస్స్' మనే చప్పుడు కోసం పెట్టుకునే బ్లో ఆఫ్ వాల్వ్. సెన్సర్ అప్పటికే కొలిచిన గాలిని కాలు తీయగానే అది బయటికి వదిలేస్తుంది. కంప్యూటర్ మాత్రం ఆ గాలి లోపలే ఉందనుకుని పెట్రోలు పోస్తుంది, మిశ్రమం చిక్కబడి ఇంజన్ ఆగుతుంది. ఏ పార్టూ చెడలేదు, చెడింది లెక్క.

ఎలా నెమ్మదించారన్నదీ సాక్ష్యమే. ఊరికే కాలు తీస్తే బాగుండి, బ్రేకు తొక్కితేనే తూలితే బ్రేక్ బూస్టర్ పొర చినిగిందేమో చూడాలి, అదీ మానిఫోల్డ్ వ్యాక్యూమ్‌తోనే పనిచేస్తుంది. ఆటోమేటిక్ కారు సరిగ్గా ఆగే క్షణంలో, క్లచ్ తొక్కకుండా ఆపిన మాన్యువల్ కారులా కుదుపిచ్చి ఆగిపోతుంటే టార్క్ కన్వర్టర్ లాకప్ విడిపోవడం లేదేమో. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల ఘాట్‌లో చాలాసేపు కాలు తీసి దిగి, మళ్లీ ఆక్సిలరేటర్ నొక్కగానే నీలిపొగ వస్తే వాల్వ్ సీళ్లు అరిగి ఆయిల్ లోపలికి దిగుతోందని గుర్తు.

ఇదంతా ఎందుకు, ఇథనాల్ కలిపిన పెట్రోలే కారణం అంటారు చాలామంది. కొట్టిపారేయాల్సిన మాట కాదు. పెట్రోలుకు దాని బరువుకు 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. కాబట్టి 20 శాతం కలిపితే లెక్క కొంత మారుతుంది. కానీ ఆ మార్పు అన్ని వేగాల్లోనూ ఉంటుంది, ట్రిమ్ అన్నిచోట్లా దాదాపు సమానంగా పెరగాలి. ఐడ్లింగ్‌లో మాత్రమే పెరిగితే పెట్రోలు బంకును తిట్టి లాభం లేదు. చెక్ ఇంజన్ లైటు వెలగలేదు కదా అన్నది రెండో అభ్యంతరం. మిశ్రమం పలచబడిందని చెప్పే పీ0171 కోడ్, తేడా ఒక హద్దు దాటి, ఒకటికి రెండుసార్లు కనబడితే గానీ సాధారణంగా లైటు వెలిగించదు. లైటు వెలగకపోవడం ఆరోగ్య ధ్రువపత్రం కాదు. ఇక సైలెన్సర్‌లో టపటపలు స్పోర్ట్స్ కారుకు అందమే కదా అంటే, కొన్ని కార్లలో కంపెనీయే స్పోర్ట్ మోడ్‌లో వాటిని పెట్టిన మాట నిజం. నిన్నటిదాకా లేనిది ఇవాళ మొదలైతే మాత్రం ఎగ్జాస్ట్ జాయింట్లు చూపించాలి.

థ్రాటిల్ బాడీ శుభ్రం చేయిస్తే చాలాసార్లు నయమవుతుంది, నేనైనా మొదట చేయించమనేది అదే. మసి పట్టిన థ్రాటిల్‌కు అలవాటు పడ్డ కంప్యూటర్‌కు శుభ్రం చేశాక కొత్తగా నేర్పాలి. ఆ పని మరిచి, ఐడ్లింగ్ పెరిగిందని మెకానిక్‌ను తిడతారు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రేకును వేలితో నెట్టకూడదు, లోపలి గేర్లు దెబ్బతినవచ్చు. కొన్ని వారాలకే మసి తిరిగొస్తే ఇంజన్ ఆయిల్ ఆవిరిని లోపలికి పంపే పీసీవీ వాల్వ్‌ను చూడాలి. ఏది చేయించినా కారణం తేలేదాకా ఈ కారును ఘాట్ ఎక్కించవద్దు. నడుస్తుండగా ఇంజన్ ఆగితే బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు బ్రేకులకే సరిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది, చాలా కార్లలో స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది.