నంబరు చెప్పేస్తాం... వివరాలు చెప్పం!

సూపర్ మార్కెట్లో అడగ్గానే ఫోన్ నంబరు చెప్పేస్తాం. కొత్త యాప్ ఏది అడిగినా 'సరే' నొక్కేస్తాం. అదే, సర్కారు బడి టీచరు కాగితాలు పట్టుకుని గుమ్మం ముందు నిలబడితే మాత్రం తలుపు సగమే తీస్తాం. సొంత వివరాలు చెప్పే విషయంలో మన లెక్కే వేరు!

మియాపూర్ మెట్రో స్టేషన్లో దిగి ముంబయి హైవే మీద చందానగర్ వైపు వెళ్తుంటే వచ్చేది మదీనాగూడ. రోడ్డుకి రెండు పక్కలా బట్టల షోరూములు, సూపర్ మార్కెట్లు, ఆస్పత్రులు. లోపలికి వెళితే దీప్తిశ్రీనగర్ లాంటి కాలనీలు, వరసగా అపార్టుమెంట్లు. పగలంతా మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో కూర్చుని ఏ దేశం వాళ్ల సమాచారాన్నో భద్రంగా కాపాడే ఉద్యోగులు ఎందరో సాయంత్రానికి చేరేది ఇలాంటి చోట్లకే.

శనివారం సాయంత్రం అక్కడో కుటుంబం షాపింగుకి బయల్దేరిందనుకుందాం. సరుకులు కొంటే బిల్లుకి ముందు ఫోన్ నంబరు అడుగుతారు. బట్టల షాపులో నంబరుతో పాటు పుట్టినరోజు, పెళ్లిరోజు కూడా చెప్పాలి... ఆ రోజుల్లో డిస్కౌంటు మెసేజ్ వస్తుందట! బయటికి రాగానే లక్కీ డ్రా డబ్బా. పేరు, చిరునామా, వయసు, ఉద్యోగం రాసి అందులో వేయాలి. పక్కనే కోచింగ్ సెంటర్ వాళ్ల టేబులు. పిల్లాడు ఏ స్కూలు, ఎన్ని మార్కులు, నాన్న ఏం చేస్తారు... అన్నీ రాసిస్తేనే ఉచిత డెమో క్లాసు. రెండు గంటల్లో ఆ ఇంటి గుట్టంతా నాలుగైదు చోట్ల నమోదైపోయింది. 'ఇవన్నీ మీకెందుకు?' అని మాత్రం ఇంట్లో ఒక్కరూ అడగరు. అడిగితే బాగుండదేమోనని మొహమాటం. వెనక క్యూలో నలుగురు నిలబడి ఉంటారు మరి.

బిల్లు కోసం ఫోన్ నంబరు ఇవ్వాల్సిందేనని దుకాణదారులు పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే చెప్పింది. చెప్పిన సంగతి ఎంతమందికి తెలుసన్నది వేరే విషయం!

ఆ ఒక్కరోజు

సొంత వివరాలు చెప్పడానికి జనం ఎగబడిన రోజూ ఒకటుంది. 2014 ఆగస్టు 19. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండున్నర నెలలు. రాష్ట్రమంతా ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరుపుతామని ప్రభుత్వం ప్రకటించింది. దాదాపు 4 లక్షల మంది సిబ్బంది కోటికి పైగా ఇళ్ల తలుపులు తట్టారు. బస్సులు ఆగిపోయాయి. దుకాణాలు, పెట్రోలు బంకులు మూతపడ్డాయి. హైదరాబాద్ రోడ్ల మీద పిల్లలు క్రికెట్ ఆడుకోగలిగిన అరుదైన రోజు అది.

అంతకన్నా విశేషం దానికి ముందు రెండు రోజులు కనిపించింది. పొట్టచేత పట్టుకుని ముంబయి, భివాండీ, సూరత్ వెళ్లినవాళ్లు పిల్లాపాపలతో రైళ్లెక్కి సొంతూళ్లకి వచ్చారు. ఆ రోజు ఇంట్లో లేకపోతే రేషన్ కార్డు పోతుందేమో, పింఛను ఆగిపోతుందేమో, అసలు ఈ రాష్ట్రం వాళ్లమే కాకుండా పోతామేమో... ఇదీ వాళ్ల భయం. రైలు ఛార్జీలు పెట్టుకుని, కూలి పోగొట్టుకుని మరీ వచ్చి తమ వివరాలు తామే అప్పగించారు.

అదే రోజు కూకట్‌పల్లి, మియాపూర్, మదీనాగూడ వైపు ఇళ్లలో మరో భయం ఉంది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతమిది. ఎక్కడి నుంచి వచ్చారు, ఎప్పుడొచ్చారు అన్న లెక్క రేపు ఎటు తిరుగుతుందోనన్న అనుమానం వాళ్లది. బ్యాంకు ఖాతా వివరాలు ఎందుకని కొందరు ప్రశ్నించారు. సంగతి హైకోర్టు దాకా వెళితే, సర్వే స్వచ్ఛందమేనని ప్రభుత్వం చెప్పాల్సివచ్చింది. కాగితం ఒకటే, ప్రశ్నలూ ఒకటే. ఒకరికి అందులో పేరు లేకపోతే భయం, ఇంకొకరికి ఉంటే భయం!

అంతమంది చెప్పిన వివరాల పూర్తి నివేదిక ఆ తర్వాత అధికారికంగా ప్రజల ముందుకు రానేలేదు.

పదేళ్ల తర్వాత...

2024 నవంబరు 6న మళ్లీ సర్వే మొదలైంది. ఈసారి కులగణన కూడా అందులో భాగం. ప్రశ్నలు 75. కులం, చదువు, ఉద్యోగం, ఆదాయం, భూమి, అప్పులు, ఇంట్లో ఏమేం సామాన్లున్నాయి... అన్నీ ఉన్నాయి. ప్రాథమిక పాఠశాలల టీచర్లు ఉదయం బడి నడిపి, మధ్యాహ్నం నుంచి కాగితాలు పట్టుకుని ఇళ్ల వెంట తిరిగారు.

పల్లెల్లో పెద్దగా ఇబ్బంది రాలేదు. నగరంలోనే చిక్కొచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు, ఇంటర్‌కమ్‌లో 'ఇప్పుడు కుదరదు', తలుపు తీసినా 'ఆస్తుల సంగతి మీకెందుకు?' అన్న ప్రశ్న. 2025 ఫిబ్రవరిలో ఫలితాలు ప్రకటించినప్పుడు 96.9 శాతం కుటుంబాల వివరాలు అందాయని ప్రభుత్వం చెప్పింది. మిగిలిన 3.1 శాతమంటే సుమారు 16 లక్షల మంది. ఇళ్లకు తాళాలు వేసినవాళ్లు కొందరు, సందేహించినవాళ్లు ఇంకొందరు, ఆసక్తి లేదని చెప్పేసినవాళ్లు మరికొందరు. వీళ్లలో ఎక్కువమంది హైదరాబాద్ పరిధిలోనివాళ్లే. వాళ్ల కోసం ఫిబ్రవరి 16 నుంచి 28 వరకూ మరో అవకాశం ఇవ్వాల్సివచ్చింది.

వివరాలివ్వడం మానేసిన ఇళ్లలో ప్రముఖులవీ ఉన్నాయి. 2014లో 'అందరూ ఇళ్లల్లోనే ఉండి వివరాలివ్వండి' అని రాష్ట్రాన్నంతా కోరిన కేసీఆర్, ఆయన కుమారుడు కేటీఆర్ ఈసారి వివరాలు ఇవ్వలేదని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రకటించారు. కుమార్తె కవిత మాత్రం ఇచ్చారు. అడిగేది ఏ ప్రభుత్వమన్నదీ లెక్కలోకి వస్తుందన్నమాట.

అలాగని తలుపు తీయనివాళ్లందరినీ తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ సర్వేకి పది నెలల ముందే, 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకూ ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు. 1.25 కోట్ల దరఖాస్తులు వచ్చాయి. ఆధార్, రేషన్ కార్డు, ఫోన్ నంబరు అన్నీ వాటిలో ఉన్నాయి. నాలుగు రోజులైనా కాకముందే కొన్ని దరఖాస్తులు బాలానగర్ ఫ్లైఓవర్ మీద గాలికి చెల్లాచెదురయ్యాయి. కంప్యూటర్లో ఎక్కించడానికి వాటిని బైకు మీద తీసుకెళుతున్నారట! ఆ దృశ్యాన్ని టీవీలో చూసినవాళ్లకి సర్వే టీచరును చూడగానే అది గుర్తురాకుండా ఉంటుందా?

అడిగే మనిషిని బట్టి...

నిజానికి గుట్టు మన తెలుగువాళ్ల స్వభావం కాదు. రైలు కాజీపేట దాటేలోపే ఎదుటి సీటు ఆయన ఊరేది, ఇంటిపేరేది, పిల్లలెందరు, అబ్బాయి జీతమెంత... అన్నీ తెలిసిపోతాయి. పెళ్లిసంబంధాల పరిచయ పత్రంలో గోత్రం, నక్షత్రం, ఎత్తు, జీతం, ప్యాకేజీ, ఇంటి స్థలాలు అన్నీ రాసి వాట్సాప్‌లో వదిలేస్తాం. అది ఏ గ్రూపు నుంచి ఏ గ్రూపుకి వెళ్తుందో పట్టించుకోం. అటువైపున్నది మనలాంటి మనిషే, అడిగినందుకు తన సంగతులూ చెబుతాడు అన్న నమ్మకం అది. ప్రభుత్వం అలా తిరిగి చెప్పదు. షాపువాడూ చెప్పడు... కానీ నవ్వుతాడు, నూటికి ఐదు రూపాయలు తగ్గిస్తాడు.

ఆ ఐదు రూపాయల మహిమ ఎంతో అమెరికాలో కొలిచి చూశారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెస్సాండ్రో అక్విస్టీ బృందం ఓ షాపింగ్ మాల్‌లో కొనుగోలుదారులకు కానుక కార్డులు పంచింది. కొందరికి 10 డాలర్ల కార్డు ఇచ్చారు... దాంతో ఏం కొన్నా ఎవరికీ తెలియదు. ఇంకొందరికి 12 డాలర్ల కార్డు ఇచ్చారు... ఏం కొన్నారో నమోదవుతుంది. కావాలంటే మార్చుకోవచ్చన్నారు. ముందుగా 10 డాలర్ల కార్డు అందుకున్నవాళ్లలో సగం మంది దాన్నే ఉంచుకున్నారు. 12 డాలర్లది అందుకున్నవాళ్లలో దాన్ని వదులుకుని రహస్యంగా ఉండే కార్డు తీసుకున్నది పదిమందిలో ఒక్కరు! చేతిలో ఉన్న గుట్టుని వదులుకోవడానికి కాస్త ఆలోచిస్తాం. ఒకసారి పోయిందంటే మాత్రం రెండు డాలర్లు ఖర్చుపెట్టి వెనక్కి తెచ్చుకోం. 2013లో వెలువడిన పరిశోధన ఇది.

ఆ మరుసటి ఏడాది ఎంఐటీలో ఇంకో తమాషా జరిగింది. స్నేహితుల ఈమెయిల్ చిరునామాలు రాసిస్తే పిజ్జా ఇస్తామన్నారు. 'సొంత సమాచారం బయటికి పోవడం మాకిష్టం ఉండదు' అని అంతకుముందు చెప్పిన విద్యార్థులు కూడా నిజమైన చిరునామాలు రాసిచ్చేశారు. పిజ్జా తిన్నది వీళ్లు, చిరునామాలు పోయింది స్నేహితులవి!

నాలుగు పైసల మనుషులు

స్నేహితుల వివరాలిస్తే ఏమవుతుందో తెలంగాణకు 2020లో చేదుగా తెలిసింది. కరోనాతో ఆదాయాలు పడిపోయిన రోజులు. ఐదు నిమిషాల్లో అప్పంటూ పదుల కొద్దీ యాప్‌లు వచ్చాయి. హామీ అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి అనుమతిస్తే చాలు. నిజానికి ఆ కాంటాక్టులే హామీ. వాయిదా ఆలస్యమైతే మేనమామకి, ఆఫీసులో పైఅధికారికి, ఎప్పుడో ఫ్యాను బాగుచేసిన ఎలక్ట్రీషియన్‌కి కూడా 'ఫలానావాడు మోసగాడు' అన్న మెసేజ్‌లు వెళ్లేవి. ఆ అవమానం భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరసగా కేసులు పెట్టి కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. రుణ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ వివరాల జోలికి వెళ్లకూడదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది.

అక్కడక్కడా చెప్పిన చిన్నచిన్న వివరాలు చివరికి ఎక్కడ తేలతాయన్నదానికీ జవాబు సైబరాబాద్‌లోనే దొరికింది. 2023 మార్చిలో ఇక్కడి పోలీసులు ఏడుగురిని అరెస్టు చేశారు. వాళ్ల దగ్గర 16.8 కోట్ల మంది సమాచారం ఉంది. నీట్ రాసిన విద్యార్థులు, పాన్ కార్డులున్నవాళ్లు, రక్షణ శాఖ సిబ్బంది... ఇలా 140కి పైగా రకాలుగా విడదీసి మరీ అమ్మకానికి పెట్టారు. 50 వేల మంది వివరాలు 2 వేల రూపాయలకే ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయని పోలీసులు చెప్పారు. అంటే మనిషికి నాలుగు పైసలు! ఆ వెంటనే ఫరీదాబాద్‌కి చెందిన మరొకరు పట్టుబడ్డాడు. అతని దగ్గరున్నది 24 రాష్ట్రాలకు చెందిన 66.9 కోట్ల మంది, సంస్థల సమాచారం.

మనకు ఓటీపీ అడుగుతూ ఫోన్ చేసే మోసగాడికి మన పేరు, బ్యాంకు పేరు ముందే ఎలా తెలుసా అని ఆశ్చర్యపోతుంటాం కదా!

ఓ పెద్దాయన వేసిన కేసు

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆధార్‌ను సవాలు చేస్తూ ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్.పుట్టస్వామి. 2012లో కేసు వేసేనాటికి ఆయనకు 86 ఏళ్లు. ఆయనకు మన హైదరాబాద్‌తోనూ అనుబంధం ఉంది. 1990ల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బీసీ కమిషన్‌కు ఛైర్మన్ ఆయనే. ఎవరు వెనకబడి ఉన్నారో తేల్చాలంటే కులం, చదువు, ఆదాయం వివరాలు ఎంత అవసరమో దగ్గర నుంచి చూసిన మనిషే, ఆ వివరాలకు కాపలా ఉండాలని కోర్టుకెక్కారు. తెలంగాణ కులగణన మొదలవడానికి తొమ్మిది రోజుల ముందు, 2024 అక్టోబరు 28న ఆయన కన్నుమూశారు.

ఆ తీర్పు తర్వాత చట్టం రావడానికి ఆరేళ్లు పట్టింది. 2023 ఆగస్టులో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి. వాటిలో ముఖ్యమైనవాటి అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఆ లెక్కన 2027 మే నుంచి, మన వివరాలు తీసుకునే సంస్థలు ఎందుకు తీసుకుంటున్నాయో స్పష్టంగా చెప్పాలి. కావాలంటే ఆ సంగతి తెలుగులోనే అడిగి తెలుసుకోవచ్చు. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం కూడా, ఇచ్చినంత తేలిగ్గా ఉండాలి. సమాచారాన్ని కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకూ జరిమానా వేయొచ్చు. అయితే ప్రభుత్వ సంస్థలకు చాలా మినహాయింపులే ఉన్నాయి.

2025 జూన్‌లో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఇందులోనూ కులం అడుగుతారు. రాష్ట్ర సర్వేలా 'ఆసక్తి లేదు' అంటే కుదరదు, జవాబు చెప్పడం చట్ట ప్రకారం తప్పనిసరి. చెప్పినదాన్ని దాచడం కూడా అంతే తప్పనిసరి. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం ఆ పత్రాలను తెరిచి చూసే హక్కు బయటివాళ్లెవరికీ లేదు. ఆ చట్టం కింద పెట్టిన కేసుల్లో తప్ప, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు.

చెప్పనక్కర్లేనివి కూడా కొన్ని ఆ చట్టంలో రాశారు. ఇంట్లోని ఆడవాళ్ల పేర్లు చెప్పి తీరాలని ఎవరినీ బలవంతం చేయకూడదు. భర్త పేరు పలకడం ఆచారం కాకపోతే ఆ ఇల్లాలు చెప్పనక్కర్లేదు.