లీడరంటే బోర్డు మీద పేర్లు రాసేవాడా?

టీచర్ ఏదో పని మీద హెడ్మాస్టర్ గదికి వెళుతూ క్లాస్ లీడర్ చేతికి సుద్దముక్క ఇస్తారు. "మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయి" అని చెప్పి వెళతారు. మన ప్రాథమిక పాఠశాలల్లో చాలామంది పిల్లలకు నాయకత్వం మొట్టమొదట పరిచయమయ్యేది ఇలాగే. దాని చుట్టూ అల్లుకున్న అపోహలు పెద్దవాళ్ళలోనే ఎక్కువ.

అపోహ: లీడర్ భయపెట్టకపోతే క్లాసు అదుపులో ఉండదు.

వాస్తవం: దీన్ని పదేళ్ళ పిల్లల మీదే పరీక్షించి చూశారు. 1930ల చివర్లో అమెరికాలోని ఐయోవాలో కుర్ట్ లెవిన్, రోనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ అనే మనస్తత్వవేత్తలు పిల్లల క్లబ్బులు పెట్టి, పెద్దవాళ్ళను నాయకులుగా ఉంచారు. ఒకచోట అన్నీ నాయకుడి హుకుం ప్రకారమే. ఇంకోచోట పిల్లలతో చర్చించి నిర్ణయాలు. మరోచోట ఎవరి ఇష్టం వారిది. హుకుం నడిచిన చోట పని బాగానే సాగింది, కానీ నాయకుడు గది దాటగానే చతికిలబడింది. పైగా పిల్లలు తమలో ఒకరిని బలిపశువును చేసి వేధించారు. కలిసి నిర్ణయించుకున్నవాళ్ళు నాయకుడు లేనప్పుడు కూడా పని ఆపలేదు. ఇష్టానికి వదిలేసిన చోట పనీ సరిగా జరగలేదు. అంటే భయపెట్టడమూ తప్పే, పట్టించుకోకపోవడమూ తప్పే.

మన క్లాసుల్లో జరిగేదీ ఇంతే కదా. పేరు రాసే పిల్లవాడు నేస్తాల పేర్లు వదిలేస్తాడు, పడనివాడి పేరు ముందు రాస్తాడు, రాసిన పేరు తుడవడానికి బలపమో జీడో అడుగుతాడు. ఎనిమిదేళ్ళకే అధికారాన్ని ఎలా వాడుకోవాలో నేర్చుకుంటాడు. మిగతా పిల్లలు దానికి తలవంచడం నేర్చుకుంటారు. ఆ పిల్లవాడిని తప్పుపట్టి లాభం లేదు. మనం ఇచ్చిన పనే అలాంటిది.

అపోహ: నాయకత్వం పుట్టుకతో రావాలి. చురుకైనవాళ్ళను ఏరుకుంటే చాలు.

వాస్తవం: జపాన్ ప్రాథమిక బడుల్లో రోజువారీ బాధ్యతకు ఎవరినీ ఏరరు. రోజుకొకరో ఇద్దరో వంతుల ప్రకారం ఆ రోజు క్లాసు బాధ్యత తీసుకుంటారు. అందరిచేతా నమస్కారం చెప్పించడం, నల్లబల్ల తుడవడం, దినచర్య పుస్తకంలో రాయడం వాళ్ళ పని. మధ్యాహ్న భోజనం వడ్డించేదీ పిల్లలే. తడబడుతూ మాట్లాడే పిల్లకూ వంతు తప్పదు. మొదటి ర్యాంకు పిల్లకూ ఒక్క వంతే.

అపోహ: గలగలా మాట్లాడేవాళ్ళే లీడర్లవుతారు.

వాస్తవం: ఎవరితోనూ మాట్లాడలేక, ఎవరైనా ఎగతాళి చేస్తారేమోనన్న భయంతో బడి వదలగానే ఇంటికి పరుగెత్తేవాణ్ణని గాంధీజీ ఆత్మకథలో రాసుకున్నారు. లండన్ శాకాహార సంఘంలో ఆయన రాసుకెళ్ళిన మాటలను మరొకరు చదవాల్సి వచ్చింది.

అపోహ: ఆడపిల్లలు తమంతట తామే ముందుకు రారు.

వాస్తవం: పశ్చిమ బెంగాల్‌లోని 495 గ్రామాల్లో జరిగిన అధ్యయనం 2012లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. పంచాయతీ అధ్యక్ష పదవిని రెండు ఎన్నికల్లో మహిళలకు కేటాయించిన ఊళ్ళను, అసలు కేటాయించని ఊళ్ళతో పోల్చారు. కొడుకుల మీద, కూతుళ్ళ మీద తల్లిదండ్రులు పెట్టుకునే ఆశల మధ్య తేడా 25 శాతం తగ్గింది. పిల్లల్లోనైతే 32 శాతం తగ్గింది. కళ్ళెదుట ఒక స్త్రీ పదవిలో కనిపించడం అంత పని చేసింది. మరి మన బడుల్లో ఎన్నోచోట్ల చీపురు ఆడపిల్లకు, గంట కొట్టే పని మగపిల్లవాడికి. ఇది ముందు మారాలి.

అపోహ: ఏటా స్వపరిపాలన దినోత్సవం చేస్తున్నాం, అది చాలు.

వాస్తవం: అమ్మ చీర కట్టుకుని పాఠం చెప్పిన రోజును ఏ పిల్లా మరిచిపోదు. ఆ పండుగ ఉండాల్సిందే. అయితే అవకాశం కొందరికే, అదీ ఒక్కరోజే. రాజస్థాన్‌లోని తిలోనియాలో పగలు మేకలు కాసే పిల్లలు చదువుకునే రాత్రి బడులకు 1993 నుంచి బాలల పార్లమెంటు ఉంది. పిల్లలే ఎన్నికలు జరుపుకుని, తమ ప్రధానమంత్రిని, మంత్రులను ఎన్నుకుంటారు. బడి ఎలా నడుస్తోందో కనిపెట్టడం వాళ్ళ బాధ్యత. ఆటగా మొదలైనా చేసేది నిజమైన పని.

అపోహ: ఒక్క టీచరే ఉన్న బడిలో ఇవన్నీ కుదరవు.

వాస్తవం: మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాల వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో బహుళ తరగతుల బడులు నడిపి చూపించారు. పిల్లలు తమ మెట్టుకు తగిన పాఠం కార్డు తామే తీసుకుని పని మొదలుపెడతారు, తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు సాయపడతారు. టీచర్ చేయాల్సిన పనిని ఐదో తరగతి పిల్ల నెత్తిన వేయడం మాత్రం దీనికిందికి రాదు. అది ఆ పిల్ల చదువును దోచుకోవడమే.

టీచర్లకు ఒక విన్నపం. జూన్‌లో బడి తెరిచినప్పుడు లీడర్‌ను ఎంపిక చేయకండి. హాజరుపట్టీలోని పేర్ల వరుసలో వారానికి ఇద్దరికి బాధ్యత ఇవ్వండి. మొక్కలు, పుస్తకాల అల్మరా, భోజనం దగ్గర చేతులు కడిగించడం వంటివి, చేస్తే ఫలితం కనిపించే పనులు అప్పగించండి. తల్లిదండ్రులు కూడా "నువ్వెందుకు లీడర్ కాలేదు?" అనడం మాని, "ఈ వారం నీకేం పని వచ్చింది?" అని అడగండి.