పావగడ గ్రానైటుకూ తాడిపత్రి బండకూ ఉన్న చుట్టరికం

పావగడ కొండ గ్రానైటు, తాడిపత్రి బండ సున్నపురాయి. రెండు ఊళ్ల మధ్య దూరం నేరుగా కొలిస్తే సుమారు 120 కిలోమీటర్లు. గ్రానైటు భూమి లోపల కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడినది. దాని వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. సున్నపురాయి నీటి అడుగున పొరమీద పొరగా పేరుకున్న అవక్షేప శిల. అయినా దానికి ముడిసరుకు ఇచ్చింది గ్రానైటు వంటి పాత రాళ్లే.

గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ ఖనిజంలో కొంత కాల్షియం ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలవడం వల్ల వాననీటికి కొద్దిపాటి ఆమ్లగుణం వస్తుంది. దాని పీహెచ్ సుమారు 5.6. ఆ నీరు ఏళ్ల తరబడి రాతిని తినేసి కాల్షియాన్ని కరిగించుకుంటుంది, ఏరు దాన్ని మోసుకుపోతుంది. నాగలమడక దగ్గర పారే ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, నీళ్లొచ్చిన ఏడాది ఈ సరుకునే తాడిపత్రి మీదుగా బంగాళాఖాతం వైపు తీసుకెళ్తుంది. నేడు లీటరు సముద్రపు నీటిలో సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది.

కరిగిన కాల్షియం మళ్లీ రాయి కావాలంటే నీటిలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గాలి. నీరు వేడెక్కినా, సూక్ష్మజీవులు ఎండలో ఆ వాయువును ఆహారానికి వాడుకున్నా కాల్షియం కార్బొనేట్ అడుగుకు దిగుతుంది. సున్నపురాయి అంటే గవ్వలూ ఆల్చిప్పలూ నలిగి గట్టిపడినదని బడిలో చదువుకున్నాం. కడప బేసిన్‌లోని పాత పొరలకు ఆ మాట వర్తించదు. సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల ఆ బేసిన్‌లో వేంపల్లె పొరలు దాదాపు 190 కోట్ల ఏళ్లనాటివి. గుల్ల కట్టుకునే జంతువులు విస్తరించింది సుమారు 54 కోట్ల ఏళ్ల కిందటే. అంతకుముందు పని చేసింది సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు. లోతులేని నీటి అడుగున అవి చాపల్లా పరుచుకుని కట్టిన పొరల గుర్తులు వేంపల్లె రాళ్లలో నేటికీ కనిపిస్తాయి. తాడిపత్రి, కొలిమిగుండ్ల, బేతంచెర్లల్లో తీసే నాపరాళ్లు ఆ బేసిన్‌లోనే తర్వాతి కాలపు పొరలు.

ఇది ఎంత నిదానమైన పనో ఒక లెక్క చెబుతుంది. నేటి లోతైన సముద్రాల్లో సున్నపు బురద వెయ్యేళ్లకు 1 నుంచి 3 సెంటీమీటర్లే పేరుకుంటుంది. 1 సెంటీమీటరు చొప్పున 100 మీటర్ల మందానికి కోటి ఏళ్లు పడుతుంది. అలా చేరిన రాయిని మనం బట్టీలో గంటల్లో కాల్చేస్తాం. స్వచ్ఛమైన టన్ను సున్నపురాయి నుంచి 560 కిలోల సున్నం మిగులుతుంది, 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది.

పావగడలో సముద్రం లేదు, కానీ ఇదే రసాయన చర్య నేలలో నడుస్తోంది. వానలు తక్కువైన చోట నేలలోని నీరు ఆవిరైపోతూ కాల్షియాన్ని తెల్లటి సున్నపు ఉండలుగా వదిలేస్తుంది. దాని ఫలితం బోరు నీటిలో తేలుతుంది. నీటిలో కాల్షియం తగినంత ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచి పెరగనివ్వదు. కాల్షియం సున్నంగా విడిపోయాక, గ్రానైటు నుంచి వచ్చే ఫ్లోరైడ్ నీటిలో పెరుగుతూ పోతుంది. పావగడ తాలూకాను ఏళ్లుగా పీడిస్తున్న ఫ్లోరోసిస్ జబ్బుకు ఇది ముఖ్య కారణాల్లో ఒకటి.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు దొరకని చోట కూడా 1.5 మించరాదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ మరింత చిక్కబడుతుంది. కాబట్టి మీ బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించండి, పిల్లలు తాగే నీరైతే ఆలస్యం చేయకండి.