వెలుగుతో గుర్తు పెట్టుట



మన కురవి వీరభద్రస్వామి జాతరకు వేలకొలది జనము వత్తురు గదా. వారందఱును ఆకుపచ్చని తలపాగాలే చుట్టుకొనిరనుకొందము. అం దొకడు ఎటు పోయెనో మేడమీదినుండి చూచువానికి తెలియదు. ఆ యొక్కని తలపాగా మాత్రము ఎఱ్ఱనైనచో చూపు వానిని విడువదు. శరీరమందలి కణములను పరిశీలించువారికిని ఇట్టి చిక్కే కలదు. ఇంటికి ఇటుకలవలె దేహమునకు మూలమైన సూక్ష్మభాగములే కణములు. ఆ చిక్కు తీర్చిన యుపాయమును నేడు మనవి చేసెదను.

కొన్ని సముద్రజీవులలో, ఒక వెలుగు సోకగా వేఱొక రంగున వెలుగు మాంసకృత్తులు గలవు. జెల్లీచేపనుండి ఆకుపచ్చని దానిని షిమోమురా యను జపాను పండితుడు వేఱుచేసి 1962లో ప్రకటించెను. 2008లో ఆయనకును, చాల్ఫీ, సియెన్ అను పండితులకును నోబెల్ బహుమానము లభించెను.

జపానులో మియవాకీగారి బృందమువారు పగడపుజాతి జీవినుండి మఱియొక దానిని గ్రహించి 2002లో ప్రకటించిరి. రాత్రి బల్లమీద విడిచిన యాకుపచ్చని ద్రవము మఱునాటికి ఎఱ్ఱబడెను. పెట్టెలో నుంచినది మాఱలేదు. వెలుగే కారణమని వారు గ్రహించి, ఆకులు ఎఱ్ఱబాఱు ఒక చెట్టు పేర దానికి ‘కయెదె’ యని పేరిడిరి. మాంసకృత్తు దండవంటిది. ఊదారంగు కిరణము తగిలినచో రంగు పుట్టు తావున ఆ దండ తెగి, ఎఱుపు కలుగును. తెగినది మరల నతుకదు; కావుననే అది చెరగని గుర్తు.

జీవి కణములే ఈ పదార్థమును తయారుచేసికొనునట్లు దాని జన్యువును ముందుగా చేర్తురు. పిదప కన్ఫోకల్ సూక్ష్మదర్శినిలో, ఊదారంగు లేజరు కిరణమును సూదిమొనవలె కోరిన కణముపై నిలుపుదురు. హైదరాబాదులో 1977లో నెలకొన్న కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునందును ఇట్టి సూక్ష్మదర్శినులు గలవు.

ఇచట మెలకువ యవసరము. ఈ యంత్రములోని చిన్న రంధ్రము, పైపొరలనుండియు క్రిందిపొరలనుండియు తిరిగివచ్చు వెలుగును అడ్డగించి, ఒక్క పొరనే స్పష్టముగా చూపును. పోవు కిరణమును మాత్ర మది యాపదు. కావున ఆ కిరణము దారిలోని యితర కణములను గూడ ఎఱ్ఱబఱచవచ్చును. వెంటనే అన్ని పొరలును చూడనిచో, ప్రక్కకణమును చూచి మన కణమే కదలి వచ్చినదని భ్రమపడుదుము. కిరణము మితిమీఱినచో కణము చెడును, ఎఱుపును వెలియును. స్వల్పమైన వెలుగును పలుమాఱులు ప్రసరింపజేయుట మేలు.

ఫలమేమందురా? గాయమునకు పరుగెత్తు తెల్లకణములు అచటనే నశించునని చిరకాలము తలచిరి. మనదేశపు నీళ్లలో పుట్టిన జీబ్రాచేప పిల్లల తోకగాయమునొద్ద తెల్లకణములను ఇట్లు ఎఱ్ఱబఱచి చూడగా, వానిలో కొన్ని గాయమును వీడి వెనుకకు మరలుట కానవచ్చెను; ఇది 2011లో ప్రకటితమయ్యెను. పని తీరినను ఇవి తొలగనిచో వాపు తగ్గదు. అవి ఏల మరలునో, ఏల నిలిచిపోవునో తెలిసినచో మానని వాపులకు మందు వెదకువారికి దారి దొరకును.

గుర్తు సరిగా పెట్టినవాని మాటయే ఇందు ప్రమాణము. సెలవు.