నాణెములకు నెలవు

గ్రంథములు చెప్పని చరిత్రను నాణెములు చెప్పిన సందర్భములు మన దేశమున పెక్కు కలవు. నేటి జగిత్యాల జిల్లాలో గోదావరి యొడ్డున నున్న కోటిలింగాలలో దొరకిన నాణెముల వలననే గోబద, సమగోప మున్నగు రాజుల పేర్లు లోకమునకు తెలిసినవి. 1906లో నాసిక్ ప్రాంతమున జోగల్‌తంబి యను చోట 13,000కు పైగా వెండి నాణెములు బయటపడెను. అవి నహపాణుని నాణెములు. వానిలో పెక్కింటిపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల వేయించెను. ఓడినవాని మొగమును, గెలిచినవాని గుర్తును ఒకే బిళ్ళపై కనిపించుచున్నవి. ఆ సన్నని గీతలు చెరిగినచో సాక్ష్యమే చెరిగినట్లు. కావున నాణెమును సంపాదించుటతో సేకరణ ముగియదు. దానిని కాపాడుట యందే అసలు పని యున్నది.

నాణెములను దాచుటకు రెండు పద్ధతులు వాడుకలో నున్నవి. ఒకటి ఆల్బము, రెండవది ఒక్కొక్క నాణెమునకు ఒక్కొక్క హోల్డరు.

ఆల్బము చదువుకొను పుస్తకము వంటిది. 1957 ఏప్రిల్ 1న మన దేశమున దశాంశ నాణెములు వచ్చెను. 1964లో ‘నయా’ అను మాట తొలగువరకు వెలువడిన నయా పైసలను సంవత్సర క్రమమున అమర్చినచో, ఏ యేటి నాణెము లేదో ఖాళీ గడియే చెప్పును. తరగతిలోని పిల్లలందరును చేతితో తాకకుండ రెండు ప్రక్కలను చూడగలరు.

అయితే ఆల్బములో లోపములును కలవు. పుట త్రిప్పినప్పుడెల్ల వదులు గడిలోని నాణెము కదలి ఒరసికొనును. జరుపుడు పట్టీలు గల ఆల్బములలో ఆ పట్టీ రాపిడికి బొమ్మలోని ఎత్తైన భాగములు గీతలు పడును. వీనికంటె పెద్ద అపాయము ప్లాస్టిక్కు వలన కలుగును. చౌక ఆల్బముల మెత్తని పుటలు తరచుగా పి.వి.సి.తో చేయబడును. కాలక్రమమున, ముఖ్యముగా వేడికిని తేమకును, దాని నుండి హైడ్రోక్లోరికామ్లము వెలువడును. నాణెముపై జిగురైన పచ్చని పూత యేర్పడి లోహమును తినివేయును. రాగికి ఈ బాధ మిక్కిలి. వెండియు దీనికి అతీతము కాదు.

హోల్డరులు పలు విధములు. పాలియెస్టరు కిటికీ గల అట్టముక్కలు చౌకైనవి. పేరు, కాలము వాని అంచున వ్రాసికొనవచ్చును. కాని వానిని బిగించిన పిన్నులను తొందరపడి లాగినచో పిన్నుమొన నాణెమును గీరును. గట్టి ఆక్రిలిక్ పేటికలు రాపిడి నుండి, వ్రేళ్ళ చెమట నుండి చక్కగా కాపాడును. అయితే వెల యెక్కువ, చోటు నెక్కువగా ఆక్రమించును. కొలతకు సరిపోని పేటికలో నాణెము గలగలలాడినచో దాని వలన ప్రయోజనము లేదు.

శాతవాహనుల సీసపు నాణెముల విషయమున మరింత జాగ్రత్త కావలెను. కొన్ని కలపల నుండియు, నాసిరకపు అట్టల నుండియు వెలువడు ఆమ్లపు ఆవిరి సీసమును తెల్లని పొడిగా మార్చివేయును. చెక్కపెట్టెలో భద్రముగా నున్నదని తలచిన నాణెము కొన్నేండ్లకు అక్షరములు కోల్పోవచ్చును. రబ్బరులోని గంధకము వెండిని నల్లబరచును. కావున నాణెములకు రబ్బరు పట్టీలు చుట్టరాదు.

ఏ నెలవునందు ఉంచినను నాణెమును అంచులతోనే పట్టుకొనవలెను. రాగి చెంబును తోమినట్లు చింతపండుతో తోమకూడదు. ఏండ్ల తరబడి యేర్పడిన పొర ఊడిపోయి, దానితో పాటు అక్షరములును అరిగిపోవును. వానకాలమున పెట్టెలో సిలికా జెల్ పొట్లము నుంచుట మంచిది. నాణెము దొరకిన చోటును చీటిపై వ్రాసి దానితోనే యుంచవలెను. చోటు తెలియని నాణెము సగము మూగది.

కావున ఆల్బమా, హోల్డరా యను ప్రశ్నకు నాణెమును బట్టియే సమాధానము. చలామణిలో అరిగిన సామాన్య నాణెములకు పి.వి.సి. లేని ఆల్బము చాలును. చార్మినారు బొమ్మ గల హైదరాబాదు వెండి రూపాయి వంటి విలువైన దానిని విడిగా గట్టి పేటికలో భద్రపరచి, ఆల్బములోని దాని గడిలో ఛాయాచిత్రము నుంచవచ్చును. అప్పుడు విద్యార్థికి పాఠమును దొరకును, నాణెమును నిలుచును. రెండు వేల యేండ్లు మట్టిలో నిలిచిన అక్షరములు మన బీరువాలో ఇరువదేండ్లకే మాయమగుట న్యాయము కాదు.