లైన్ ఎంత పొడవున్నా ట్యూన్ ఒకటే!

ఇంగ్లండ్ కెథడ్రల్స్‌లో సాయంత్రం పూట కోయిర్ పాడే ప్రార్థనని ఈవెన్‌సాంగ్ అంటారు. 1549 దాకా ఈ ప్రార్థనలు ఎక్కువగా లాటిన్‌లోనే. ఆ ఏడాది థామస్ క్రాన్మర్ తెచ్చిన ప్రార్థన పుస్తకంతో ఇంగ్లిష్‌లోకి వచ్చాయి. వినేవాళ్ళకి మాట అర్థం కావాలన్నదే ఉద్దేశం. 1645లో పార్లమెంట్ ఆ పుస్తకాన్ని నిషేధిస్తే, 1660 దాకా కోయిర్లు మూగబోయాయి. మళ్ళీ మొదలయ్యాక స్థిరపడిన పద్ధతే ఆంగ్లికన్ చాంట్.

ఇందులో చిక్కేంటంటే, బైబిల్ కీర్తనలు 150 ఉన్నాయి, పాడే ఇంగ్లిష్ అనువాదంలో అన్నీ వచనంలాగే ఉంటాయి. ఒక్కో లైన్ ఒక్కో పొడవు. మన పద్యంలో అయితే మాటలే గణాలకి లొంగుతాయి. ఇక్కడ రివర్స్, ట్యూనే మాటల కోసం ఆగుతుంది! ప్రతి లైన్‌నీ రెండు ముక్కలు చేస్తారు. ముక్కలో ఎక్కువ మాటల్ని ఒకే స్వరం మీద, మాట్లాడినట్టే పాడతారు. చివరి కొన్ని అక్షరాల దగ్గరే స్వరం మారుతుంది. ఏ సైజ్ ఇన్‌పుట్ ఇచ్చినా పనిచేసే ఫంక్షన్ అన్నమాట.

వినడానికి ఈజీగా ఉంటుంది కానీ, తాళం లెక్క లేకుండా అందరూ ఒకే మాట దగ్గర కలిసి మారాలి. ఒక్కరు తొందరపడినా మాట చెదిరిపోతుంది.

బీబీసీ రేడియోలో 1926 నుంచి ఈవెన్‌సాంగ్ వస్తోంది. ఒక్క కీర్తన విని, స్వరం ఎక్కడ మారిందో పట్టుకోండి చూద్దాం!