చేతినొప్పి: నరమా, గుండెయా?

వరికోతలు సాగు దినములలో ధాన్యపు బస్తాలు మోసియు, మందుకొట్టు స్ప్రేయరును వీపున దాల్చియు మెడయు, భుజమును, చేయియు నొచ్చుట కర్షకులకు క్రొత్త గాదు. “బరువు మోసినందున పట్టినది” అని నూనె మర్దన చేయించుకొని పరుండువారే పెక్కుమంది. అట్టి నొప్పులలో అధికభాగము ప్రాణాపాయము లేనివే. కాని గుండెజబ్బు సయితము ఒక్కొక్కప్పుడు చేతినొప్పి రూపముననే బయలుపడును. కావున ఈ రెంటి భేదమును సంఘ సభ్యులెల్లరు నెరిగియుండవలెనని మేము కోరుచున్నాము.

మెడయందలి వెన్నుపూసల నడుమనుండి చేతికి నరములు దిగుచుండును. పూసల మధ్యనుండు మెత్తని బిళ్ల జరిగినను, వయస్సుచే ఎముక పెరిగినను, ఆ నరములు ఒత్తిడికి లోనగును. అప్పుడు నొప్పి మెడనుండి యొక దారి వెంట చేతిలోనికి దిగును, వ్రేళ్లు తిమ్మిరెక్కును. ఆరవ మెడనరమైన బొటనవ్రేలు, ఏడవదైన నడిమివ్రేలు, ఎనిమిదవదైన చిటికెనవ్రేలు మొద్దుబారుట సామాన్యము. మెడ త్రిప్పినను, వెనుకకు వంచినను బాధ హెచ్చును. చేయి తలపై నుంచుకొనిన కొందరికి తగ్గును.

గుండెనొప్పి త్రోవ వేరు. రొమ్ము నడుమ బరువు పెట్టినట్లు, బిగించినట్లు ఉండి, ఎడమచేతికే గాక కుడిచేతికిని, దవడకును, వీపునకును ప్రాకవచ్చును. మెడ త్రిప్పుటచే అది సాధారణముగా మారదు. శ్రమించునప్పుడు వచ్చి, పని మాని కూర్చుండిన కొలది నిమిషములలో తగ్గునది గుండెకు రక్తము చాలమికి గుర్తు. తగ్గక నిలిచినచో గుండెపోటని శంకింపవలెను. చల్లని చెమట, ఆయాసము, వాంతి తోడైన శంక బలపడును. మధుమేహము గలవారికిని, వృద్ధులకును, స్త్రీలకును రొమ్మునొప్పి లేకయే వట్టి ఆయాసము, నీరసము కలుగవచ్చును.

ఈ గుర్తులు ఎరుకకొరకే గాని ఇంట కూర్చుండి తీర్పు చెప్పుకొనుటకు గావు. నరమునొప్పి గలవానికి గుండెజబ్బు రాదను నియమము లేదు. సందేహము కలిగినచో ముందు గుండెనే చూపించుకొనవలెను. మర్దనకును, వాయువని త్రాగు సోడాకును కాలము వ్యర్థపుచ్చక, 108కు ఫోను చేసి, ఇ.సి.జి. తీయు ఆసుపత్రికి పోవలెను. రోగి తానే బండి నడుపరాదు. మొదటి ఇ.సి.జి. బాగున్నను, వైద్యుడు ఉండుమన్నచో ఉండవలెను. మార్పులు కొన్ని ఆలస్యముగా కనబడును. గడ్డ అడ్డుపడి రక్తమందని గుండెకండరము నిమిషనిమిషమునకు నశించుచుండును. గడ్డను కరిగించు మందు మొదటి గంటలలోనే మిక్కిలి గుణమిచ్చును.

నరమునొప్పి పెక్కుమందికి కొన్ని వారములలో శస్త్రచికిత్స లేకయే కుదురును. అయినను చేతిపట్టు సడలినను, నడక తూలినను, మూత్రము స్వాధీనము తప్పినను వెంటనే వైద్యుని జూడవలెను.

ఆసుపత్రిలో నరమునొప్పియే యని తేలినచో పోవునది ఒక దినపు కూలి. అది మరల సంపాదింపదగినది. చదువరాని ఇరుగుపొరుగువారికి సభ్యులీ పుటను చదివి వినిపింపగోరుచున్నాము.